మంగ వాడని నీళ్లు

సూరత్ రింగ్ రోడ్డు మీద దుకాణాలన్నీ మూయించిన రోజున మంగ నిచ్చెన మీద ఉంది. చీరల షోరూమ్ అద్దం సగం తుడిచింది, మిగతా సగం ఇంకా సబ్బు నురగతో ఉంది. పోలీసాయన కింద నిలబడి కర్రతో నిచ్చెనను తట్టి, "దిగు, దిగు" అన్నాడు. "ఇంకో సగం ఉంది సాబ్, ఎండితే చారలు పడతాయి" అని మంగ హిందీలో జవాబు చెప్పి, ఆ సగం కూడా తుడిచాకే దిగింది. అది 2020 మార్చి. మళ్లీ నిచ్చెన ఎప్పుడు ఎక్కుతుందో ఆమెకు చెప్పగలిగినవాళ్లు ఆ రోజు ఊళ్లో ఎవరూ లేరు.

మంగది మెట్‌పల్లి పక్కన చిన్న పల్లె. పెళ్లయిన ఏడాదికే భర్త పరుశురాం వెంట సూరత్ వచ్చింది. అతను ఊరి బయట జోల్వాలో పవర్‌లూమ్ సాంచెలు నడిపేవాడు. ఇరవై ఏళ్ల సాంచెల మోతకు అతని చెవులు సగం పోయాయి. ఇంట్లో కూడా అరిచినట్టే మాట్లాడేవాడు, కోపం లేకపోయినా కోపంగా ఉన్నాడని చుట్టుపక్కలవాళ్లు అనుకునేవారు. సూరత్ శివారు ఉన్‌లో ఒక గదిలో కాపురం. మొదట్లో మంగ ఇంటి దగ్గరే కూర్చుని చీరలకు రాళ్లు అంటించేది. కళ్లు మంటలు పుట్టి అది మానేసి, అద్దాలు తుడిపించే ఒక కాంట్రాక్టరు దగ్గర చేరింది. ఆ పని ఆమెకు నచ్చింది. తుడిచిన పని తుడిచినట్టు కళ్లెదుట కనపడుతుంది, ఎవరూ కాదనలేరు.

లాక్‌డౌన్‌తో జోల్వాలో సాంచెలు ఆగాయి. కాంట్రాక్టరు ఫోను మోగడం మానేసింది. మే నెలలో ఊళ్లకు రైళ్లు వేస్తున్నారని తెలిసి గల్లీ గల్లీ మూటలు కట్టింది. పరుశురాం కూడా గోనెసంచి దించి గిన్నెలు సర్దడం మొదలుపెట్టాడు.

"ఏం చేస్తున్నవ్?" అంది మంగ.

"ఊరికి పోదం. ఈడ ఏం తిని బతుకుతం?"

"ఆడ ఏముంది? నీ అన్నదమ్ముల ఇంట్ల మూలకు కూసుంటవా? నేను గట్ల కూసోను. పోతె నువ్వు పో, టేషన్ దాక నేనే తోలిస్త."

పరుశురాం సంచిలో చెయ్యి పెట్టాడు. ఒక్కొక్క గిన్నే తీసి మళ్లీ గట్టు మీద పెట్టాడు. ఆ విషయం మళ్లీ ఎత్తలేదు.

జూన్‌లో ఆంక్షలు కొంచెం సడలాయి. మంగ ఊరి మనిషి వెంకటవ్వ అదే గల్లీలో ఉంటుంది. యాభై అయిదు దాటిన ఒంటరి మనిషి. మంగ ఆమెను చిన్నమ్మా అని పిలుస్తుంది. వేసు ప్రాంతంలో ఒక అపార్ట్‌మెంట్ సొసైటీలో వెంకటవ్వ మెట్లు ఊడ్చేది. ఒకరోజు వచ్చి చెప్పింది.

"మంగా, ఆడ అద్దాలు చూస్తె అన్నం తినబుద్ధి గాదు. మూడు నెలల సంది ఎవలు ముట్టలే. పనోళ్లను ఇండ్లల్లకు రానిస్తలేరు గద, మెట్ల కాడియి కూడ గట్లనే వదిలేసిన్రు."

"ఇండ్లల్లకు మనం పోనే పోం గద చిన్నమ్మా. బయిట అద్దాలు తుడుస్తమని అడుగుదం."

సొసైటీ కార్యదర్శి ఠాకోర్‌భాయి అరవై ఏళ్ల మనిషి. ఆఫీసు గది ముందు ప్లాస్టిక్ పరదా కట్టుకుని దాని వెనక కూర్చునేవాడు. మంగ అడిగిన రేటులో సగానికి బేరం తెగ్గొట్టి ఒప్పుకున్నాడు. మూడు టవర్లు, ఒక్కొక్కటి పన్నెండు అంతస్తులు. ప్రతి మెట్ల మలుపులో మోకాలి ఎత్తు నుంచి పైకప్పు దాకా నిలువు అద్దం. అవి కాక కింది హాళ్లూ ఆఫీసూ. కరోనా పేరు చెప్పి పనివాళ్లు లిఫ్టు ఎక్కకూడదన్నారు. మంగా వెంకటవ్వా కింద కుళాయి దగ్గర బకెట్లు నింపుకుని, పన్నెండు అంతస్తులూ చేత్తో మోసుకుని ఎక్కేవారు.

ఒకరోజు తొమ్మిదో అంతస్తులో ఇద్దరూ కబుర్లాడుకుంటూ అద్దం తుడుస్తుంటే ఒక తలుపు తెరుచుకుంది. "మీరు తెలుగువాళ్లా?" అంటూ ఒకావిడ గడపలోనే నిలబడి మాస్కు సర్దుకుంది. ఆవిడ కమలాదేవి. భర్త త్రివిక్రమరావు హజీరాలో పెద్ద ఫ్యాక్టరీలో ఇంజనీరు. ఆ రోజు నుంచి వాళ్లు ఆ అంతస్తుకు చేరేసరికి గుమ్మం ముందు స్టూలు మీద రెండు కాగితం గ్లాసుల్లో టీ ఉండేది.

జూలైలో సొసైటీకి నీళ్ల బిల్లు వచ్చింది. అంతకు ముందు కట్టినదానికి దాదాపు రెట్టింపు. అందరూ ఇళ్లల్లోనే ఉన్నారు, పాల ప్యాకెట్ దగ్గర నుంచి కూరగాయల దాకా కడుగుతున్నారు, పెరగక ఏమవుతుంది? కానీ ఆ మాట ఏ ఫ్లాటు యజమానితోనూ అనే ధైర్యం ఠాకోర్‌భాయికి లేదు. పనివాళ్లు నీళ్లు పట్టుకునే కింది కుళాయి గొట్టానికి ఒక చిన్న మీటరు బిగించాడు. నెల తిరిగాక జీతాలకు వెళ్లిన ఇద్దరినీ పరదా అవతలే నిలబెట్టి, మీటరు లెక్క రాసిన చీటీ చూపించాడు.

"చూడు బేన్, ఒక్క నెలలో ఎన్ని వేల లీటర్లు లాగారో. ఇవి మా జేబులోంచి కట్టాలా? మీ జీతంలో కోస్తున్నాను."

కోసింది మూడో వంతు. అక్కడితో ఆగినా బాగుండేది. అటుగా వచ్చిన ఇద్దరు ఫ్లాటువాళ్లు వింటుండగా నవ్వుతూ ఇంకో మాటన్నాడు. "ఇద్దరు ఆడవాళ్లు కిటికీలు తుడవడానికి ఇన్ని నీళ్లా? ఇంటికి దొంగతనంగా మోసుకుపోతున్నారేమో!"

వాళ్లూ నవ్వారు. వెంకటవ్వ తల వంచుకుంది.  మంగ సూరత్ హిందీలో, నెమ్మదిగా, ఒక్కొక్క మాటా అందరికీ వినపడేలా అంది.

"మేముండే ఉన్ ఈడికి పది కిలోమీటర్లు భాయీ. నిండు బకెట్ పట్టుకుని ఒక్క చుక్క ఒలకకుండ ఆడిదాక నడిచి చూపియ్యి. నడిస్తె ఈ మిగిలిన జీతం కూడ నీకే ఇడిచిపెడత."

ఫ్లాటువాళ్ల నవ్వు ఆగింది. ఠాకోర్‌భాయి కాగితాలు సర్దుకున్నాడు. కోసింది కోసినట్టే ఉంది.

షేర్ ఆటోలో వెంకటవ్వ గొణుక్కుంటూనే ఉంది. "గాయినతోని నీకెందుకు బిడ్డా పంచాయితి? ఉన్న పని పోతది."

"పోతె పోనియ్యి చిన్నమ్మా. దొంగలనిపించుకొని మాత్రం పోయేది లేదు. నేను పొయ్యేనాడు గాయినె నోరు మూసుకొని చూడాలె."

ఇంటికి వెళ్లాక కోపం కొంచెం దిగింది. దిగాక ఆమె ఒక సంగతి తనకు తానే ఒప్పుకుంది. నీళ్లు తాము కూడా ఎక్కువే పోస్తున్నారు. చెంబుతో అద్దం మీద విసరడం, సగం అద్దానికి తగలకుండానే మెట్ల మీదకు జారిపోవడం. షోరూముల దగ్గర నీళ్లకు లెక్క లేదు, ఆ అలవాటే ఇక్కడికీ వచ్చింది. ఠాకోర్‌భాయి అన్నది అబద్ధమే అయినా, అతను వేలు పెట్టి చూపించగలిగే చోటు ఒక్కటి కూడా మిగలకూడదనుకుంది.

పరుశురాం పని లేక గోడకు ఆనుకుని కూర్చునే రోజులవి. మంగ చెప్పిందంతా చెయ్యి చెవికి ఆనించుకుని విన్నాడు. మర్నాడు ఎక్కడి నుంచో మెత్తటి నూగు ఉన్న గుడ్డ పీలికలు తెచ్చాడు. వాటిని గొట్టంలా కుట్టి, అడ్డకర్రకు తొడిగి, చేతికర్ర బిగించాడు.

"ఇది తడిపి పిండు. పిండినంక రుద్దు. నూగు నీళ్లు పట్టుకుంటది, కిందికి జారనియ్యది" అని గట్టిగా అరిచాడు. పక్కింటివాళ్లు గొడవ జరుగుతోందనుకుని తొంగి చూశారు.

అతను చెప్పింది నిజమే. మొదట పొడి కుంచెతో దుమ్మంతా దులపడం, ఆ తర్వాత తడి గుడ్డకర్రతో రుద్దడం, వెంటనే రబ్బరు వైపర్‌తో పై నుంచి కిందికి లాగడం, చివర్న జారే నాలుగు చుక్కలకూ అడుగున మడత గుడ్డ పెట్టడం. ఒక్కో అంతస్తుకూ ఒక్కో బకెట్ పట్టే చోట నాలుగు అంతస్తులకు ఒక బకెట్ సరిపోయింది. మురికి నీళ్లను కూడా పారబొయ్యలేదు. మూత పెట్టి ఉంచితే మర్నాటికి మట్టి అడుగున పేరుకునేది. పైన తేరిన నీళ్లు తొలి రుద్దుడుకు పనికొచ్చేవి. అన్నిటికంటే ముందు సంతోషించినవి వెంకటవ్వ మోకాళ్లు.

ఇంతలో ఠాకోర్‌భాయి కుళాయికి తాళం వేయించాడు. పొద్దున ఎనిమిది నుంచి తొమ్మిది దాకానే తీయాలని వాచ్‌మన్ దేవదాస్‌కు చెప్పాడు. దేవదాస్ నందుర్‌బార్ వైపు మనిషి, మెతక స్వభావం. తాళం వేస్తూ కూడా వీళ్ల వైపు చూడలేకపోయేవాడు.

ఆగస్టులో ఒకరోజు వాన పడి ఆటోలు దొరకలేదు. తడుస్తూ వచ్చేసరికి పదిన్నర. తాళం పడింది. దేవదాస్ చేతులు రెండూ చూపించి, "తీస్తే నా ఉద్యోగం పోతుంది అక్కా" అన్నాడు. మంగ అతన్ని ఒక్క మాట అనలేదు. కోపం ఎక్కడ దించుకోవాలో తెలియక టవరు వెనక్కి నడిచింది. అక్కడ పై నుంచి దిగిన సన్నటి ప్లాస్టిక్ గొట్టాలు వరసగా ఉన్నాయి. అన్నీ ఏసీలవి. ఇళ్లల్లో కూర్చుని ఆఫీసు పనులు చేసుకునేవాళ్లు పగలంతా ఏసీలు నడుపుతున్నారు. వానాకాలపు ఉక్కకు ఆ గొట్టాల్లోంచి నీళ్లు ధారలా కారుతున్నాయి, కింద నాచు పట్టి పోయింది. మంగ బకెట్ తెచ్చి ఒక గొట్టం కింద పెట్టింది. వాళ్లు రెండు అంతస్తుల అద్దాలకు దుమ్ము దులిపి వచ్చేసరికి అడుగు నిండింది.

ఆ నీళ్లతో తుడిచిన మొదటి అద్దం దగ్గర ఇద్దరూ ఆగిపోయారు. ఆ సొసైటీలో కుళాయి నీళ్లు ఉప్పు నీళ్లు. ఎంత తుడిచినా ఎండాక తెల్లటి చుక్కలు మిగిలేవి, వాటి కోసం పొడి గుడ్డతో రెండోసారి రుద్దాల్సి వచ్చేది. ఈ అద్దం మీద ఒక్క చుక్క లేదు.

వెంకటవ్వ వేలు చాపి ముట్టుకుని చూసింది. "గిదేందే మంగా! అద్దం లేనట్టె ఉంది."

"మీటరు లేని నీళ్లు చిన్నమ్మా. గందుకే గంత తెల్లగున్నయి" అని మంగ ఆ నెలలో మొదటిసారి నవ్వింది.

దేవదాస్ పెయింటు డబ్బాలు ఎనిమిది సంపాదించి ఇచ్చాడు. వాటిని కడిగి గొట్టాల కింద పెట్టారు. ఆ తర్వాత ఆ నెలలో కుళాయి నుంచి వాళ్లు పట్టుకున్నది రెండు బకెట్లు, అదీ గుడ్డలు ఉతకడానికి.

నెలాఖరున పరదా వెనక నుంచి చీటీ వచ్చింది. మళ్లీ వేల లీటర్లే, మళ్లీ మూడో వంతు కోతే. కిందటి నెల లెక్కకూ ఈ నెల లెక్కకూ పెద్ద తేడా లేదు.

వెంకటవ్వ కళ్లనీళ్లు పెట్టుకుంది. మంగ మాత్రం ఆ చీటీని రెండుసార్లు చూసుకుని మడిచి జాగ్రత్తగా బొడ్లో దోపుకుంది. కిందటి నెల ఇలాంటి చీటీయే ఆమెకు ఒళ్లు మండించింది. ఈసారి ఒళ్లు మండలేదు. తాము వాడకపోయినా మీటరు తిరిగిందంటే, ఆ నీళ్లు ఇంకెక్కడికో పోతున్నాయి. మొదటి నెలా అటే పోయి ఉంటాయి.

ఆమె నేరుగా తొమ్మిదో అంతస్తుకు వెళ్లి కమలాదేవి తలుపు కొట్టింది.

"అమ్మా, మీ ఫోన్ల రెండు ఫోటోలు కొట్టాలె. సాయంత్రం మేం పోయినంక మీటరుది ఒకటి, పొద్దుగాల మేం రాకముందు ఒకటి. నా ఫోన్ల కొడితె నేనే ఏదో చేసిన్నంటరు."

కమలాదేవి తటపటాయించింది. "ఎందుకు మంగా గొడవ? కమిటీవాళ్లతో పెట్టుకుంటే నిన్ను తీసేస్తారు. నేను ఆయనకి చెప్పి, ఆ కోసిన డబ్బు మేమే ఇచ్చేలా చూస్తానులే."

"పైసలు మీరిస్తరమ్మా, మీ మనసు మంచిది. గని దొంగతనం మాట ఎవరు తీస్తరు? మీరు ఫోటో కొట్టకుంటె నేను గా మీటరు కాడనే పొద్దందాక కూసుంట. ఎవలు లేపుతరో చూస్త."

కమలాదేవి ఆమె ముఖం వంక చూసింది. ఆ సాయంత్రమే మాస్కు పెట్టుకుని కిందికి దిగి మీటరు ఫోటో తీసింది. మర్నాడు పొద్దున ఏడింటికి ఇంకోటి తీసింది. కుళాయికి తాళం వేసే ఉన్నా మీటరు మీద అంకె పెరిగింది. ఆవిడే కంగారుపడి మంగకు ఫోన్ చేసింది. "మంగా, నువ్వు చెప్పింది నిజమే. ఆదివారం మీటింగు ఉంది, రా. నేనూ వస్తాను."

ఆదివారం పొద్దున పార్కింగులో కుర్చీలు దూరం దూరంగా వేసి ఇరవై మంది కూర్చున్నారు. ఠాకోర్‌భాయి బిల్లుల గురించి మాట్లాడుతుంటే మంగ వచ్చి ఎదురుగా నిలబడింది. పక్కన వెంకటవ్వ, వాళ్ల వెనక పరుశురాం.

"నిన్ను ఎవరు పిలిచారు?" అన్నాడు ఠాకోర్‌భాయి.

"నువ్వే పిలిచినవ్ భాయీ, దొంగా అని. గందుకే అచ్చిన. ఆ మాట నలుగురి ముంగట అన్నవ్, నలుగురి ముంగటనే తేల్చుకుందం. అందరు ఒక్కసారి లేచి మీటరు కాడికి రాండ్రి."

ఎవరూ కదల్లేదు. అప్పుడు కమలాదేవి లేచింది. ఆవిడ వెనక త్రివిక్రమరావు లేచాడు. తర్వాత ఒక్కొక్కరే వెళ్లి కుళాయి చుట్టూ నిలబడ్డారు. కుళాయికి తాళం ఉంది. నోట్లోంచి చుక్క కూడా కారడం లేదు.

"దేవదాస్, తాళం తియ్యకు. మీటరు మూత తియ్యి" అంది మంగ.

మూత తీశాడు. అద్దం కింద చిన్న ఎర్ర చక్రం గిరగిరా తిరుగుతోంది. 

"గిప్పుడు ఈ నీళ్లెవరు తాగుతున్నరు భాయీ? నేనా? మా చిన్నమ్మనా? నా చేతులు గివిగో, పొడిగున్నయి. చెప్పు."

త్రివిక్రమరావు వంగి, మీటరు దాటాక గొట్టం ఎటు పోయిందో చూశాడు. కుళాయి దగ్గర చీలిన ఒక పాయ గోడ వెంట పూలకుండీల వెనక నుంచి సొసైటీ క్లబ్‌హౌస్ వైపు పోయింది. మార్చిలో కరోనా వచ్చిన వారమే క్లబ్‌హౌస్‌కు తాళం వేశారు. తాళంచెవి ఠాకోర్‌భాయి దగ్గరే ఉంది. అతను జేబులో వెతుక్కోవడానికి చాలాసేపు పట్టింది. తలుపు తీసేసరికి ముక్క వాసనతో పాటు నీళ్ల చప్పుడు వచ్చింది. మరుగుదొడ్డిలో ఫ్లష్ ట్యాంకు ఆగకుండా పారుతోంది. లోపలి రబ్బరు ఎప్పుడో అరిగిపోయింది, కుండీలో నీళ్లు కారిన మేర తుప్పు రంగు చార కట్టింది. ఎవరూ అడుగు పెట్టని గదిలో నెలల తరబడి రాత్రీ పగలూ నీళ్లు పోతూనే ఉన్నాయి.

పరుశురాం లోపలికి చూసి, మెల్లగా అంటున్నాననుకుని, పార్కింగంతా మోగేలా అన్నాడు. "దొంగ దొరికిండే మంగా!"

జనం నవ్వారు. వెంకటవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఠాకోర్‌భాయి గొంతు సవరించుకున్నాడు. "సరే, కొవిడ్ వల్ల ఎవరూ చూసుకోలేదు. వచ్చే నెల నుంచి మీకు నీళ్ల కోత ఉండదు."

"అయిపోయిన రెండు నెలలది?"

"కమిటీలో ఆలోచిస్తాం."

"ఆలోచించు. ఆలోచించినన్ని దినాలు నీ ఆఫీసు అద్దం మాత్రం నేను ముట్ట."

అన్నంత పనీ చేసింది. మూడు టవర్లలో ప్రతి అద్దమూ ఏసీ నీళ్లతో మెరిసిపోయేలా తుడిచింది. ఆఫీసు అద్దం దగ్గరికి వచ్చేసరికి బకెట్ ఎత్తుకుని దాటిపోయేది. సెప్టెంబరు వానలు దానిమీద బురద చల్లాయి, ఎండ దాన్ని ఎండబెట్టింది. అటూ ఇటూ అన్నీ తళతళలాడుతుంటే మధ్యలో ఆ ఒక్కటి గోడలా ఉండేది. ఠాకోర్‌భాయి దేవదాస్‌కు గుడ్డ ఇచ్చి తుడవమన్నాడు. దేవదాస్ కుళాయి నీళ్లతో తుడిచాడు. తెల్లటి మచ్చలు పడి ముందుకంటే హీనంగా తయారైంది. అతను కావాలనే అలా తుడిచాడా అని వెంకటవ్వకు అనుమానం. ఫ్లాట్లలో పిల్లలు పక్కనున్న అద్దాలను వదిలేసి, ఆ అద్దం మీదే వేళ్లతో బొమ్మలు గీసేవారు. వచ్చిపోయే ప్రతివాడూ "అదేంటి, ఇదొక్కటీ ఇలా ఉంది?" అని అడిగేవాడు. అడిగినవాళ్లకల్లా మంగ ఉన్నదున్నట్టు చెప్పేది.

నాలుగో వారంలో కోసిన జీతం రెండు నెలలదీ కలిపి వచ్చింది. మంగ అక్కడే నిలబడింది.

"ఇంకేం కావాలి?" అన్నాడు ఠాకోర్‌భాయి.

"మాట."

అతను క్షమించమని నోటితో అనలేదు. అలాంటి మాట ఆ గొంతులోంచి వచ్చేది కాదు. కానీ మర్నాడు నోటీసు బోర్డులో గుజరాతీలో ఒక కాగితం అంటించాడు. దేవదాస్ దాన్ని చదివి చెప్పాడు. క్లబ్‌హౌస్ ఫ్లష్ చెడిపోవడం వల్ల నీళ్లు వృథా అయ్యాయనీ, అద్దాల పనివాళ్ల తప్పు ఏమీ లేదనీ ఉంది. మంగ మళ్లీ చదివించుకుంది. వెంకటవ్వ కోసం మూడోసారి చదివించింది. ఆ తర్వాత బకెట్ దించి, కొంగు బిగించి, ఆఫీసు అద్దం తుడిచింది. లోపల కూర్చున్న ఠాకోర్‌భాయి ముఖం తేటగా కనపడింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ముందు చూపు తిప్పుకున్నది అతనే.

2021 వేసవిలో కరోనా రెండో అల వచ్చి అయిదు వారాలు పని ఆగింది. వెంకటవ్వకు జ్వరం వచ్చి తగ్గింది, ఊపిరి మాత్రం మునుపటిలా లేదు. మెట్లెక్కే పని మానిపించి, కింద హాళ్ల అద్దాలూ ఏసీ డబ్బాలూ చూసుకొమ్మంది మంగ. పక్క సొసైటీ కార్యదర్శి వీళ్ల గురించి వాకబు చేస్తే, "ఆ మనిషికి నోరు ఎక్కువ, కానీ ఆమె తుడిచిన అద్దం మీద చుక్క కనపడదు" అని చెప్పాడట ఠాకోర్‌భాయి. మంగ ఆ మాటలో రెండు ముక్కలకూ సంతోషించింది. ఏడాది తిరిగేసరికి ఆమె చేతిలో ఆరు సొసైటీలు, ఆమె దగ్గర పనికి నలుగురు ఆడవాళ్లు. ఏ సొసైటీలో చేరినా మొదటి రోజునే ఒక షరతు చెప్పేది. నీళ్లకు జీతం కొయ్యడం ఒప్పుకోము, కొయ్యాలంటే ముందు మీటరు మా ఎదురుగా ఆపి చూపించాలి.

సాంచెలు మళ్లీ నడిచాక పరుశురాం జోల్వా వెళ్లడం మొదలుపెట్టాడు. 2022లో అక్కడి సేఠు పన్నెండు గంటల పనిని పద్నాలుగు చేశాడు. ఒకరోజు పరుశురాం ఇంటికి వచ్చి మంచం మీద పడి, అన్నం కూడా వద్దన్నాడు. మంగ పక్కన కూర్చుని, అతనికి వినపడేంత గట్టిగా అంది.

"ఇగ బంజెయ్యి. నా పనికి రా."

"పెండ్లాం కింద పని చేస్తున్నడని నవ్వుతరే."

"నా కింద ఎందుకు? నిచ్చెన కింద. గట్టిగ పట్టుకో, నేను పైన ఉంట."

పరుశురాం నవ్వు ఆపుకోలేకపోయాడు. లేచి అన్నం తిన్నాడు. సోమవారం పొద్దున జోల్వా బస్సు కోసం నిలబడేవాళ్లకు ఎదురు దిక్కులో, భుజాన నిచ్చెనతో వేసు ఆటోల వైపు నడిచాడు.